ఏటా ఒక్కరికే ‘ఉత్తమ విద్యార్థి’ అవార్డు: ఉంచాలా, ఎత్తేయాలా?

పదో తరగతి టీచర్:
మా స్కూల్లో ఏటా పదో తరగతి నుంచి ఒక్కరికి ‘ఉత్తమ విద్యార్థి’ అవార్డు ఇస్తాం. చదువుకి 60 పాయింట్లు, ఆటపాటలకి 20, హాజరుకి 10, ప్రవర్తనకి 10. ఈసారి కమిటీలో నన్నూ వేశారు. లెక్క తేలేసరికి ఒక అమ్మాయికి 91.6, ఒక అబ్బాయికి 91.2 వచ్చాయి.

ఆ 0.4 ఎక్కడ పోయిందా అని కాగితాలన్నీ మళ్లీ తిరగేశాను. మిగతావన్నీ కలిపితే ఇద్దరూ సమానమే. తేడా అంతా హాజరులో ఉంది. వాళ్ల నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ అబ్బాయి 9 రోజులు రాలేదు. 225 పనిదినాల్లో 9 పోతే 10 పాయింట్లలో సరిగ్గా 0.4 తగ్గుతుంది. సెలవు చీటీ ఇచ్చాడు, నేనే సంతకం పెట్టాను. కానీ మా ఫారంలో సెలవు ఎందుకు పెట్టాడో రాసే గడి లేదు.

అమ్మాయి కూడా అర్హురాలే, ఆమె పేరే ప్రకటించాం. కానీ అప్పట్నుంచి మనసు మనసులో లేదు. అసలు ఈ అవార్డు వల్ల ఎవరికి ఏం ఒరుగుతోంది? శుక్రవారం స్టాఫ్ మీటింగ్‌లో ఎత్తేద్దామని అడగాలనుకుంటున్నాను. మీరేమంటారు?

చివరి బెంచీ:
ప్రవర్తనకి 10 పాయింట్లు ఎలా వేస్తారు మేడమ్? నాకు తెలిసినంతవరకు బాగా చదివేవాళ్లకి 10, చదవనివాళ్లకి 7.

పదో తరగతి టీచర్:
నవ్వొచ్చింది గానీ, ఫారాలు చూస్తే దాదాపు అలాగే ఉంది.

ఒకప్పటి విజేత:
ఎత్తేయండి మేడమ్. నేను ఆ అవార్డు తీసుకున్నవాణ్ణే, అందుకే చెప్తున్నా. స్టేజీ దిగిన రోజు నుంచి రెండేళ్లు నా చదువంతా ఆ పేరు పోకుండా కాపాడుకోవడంతోనే సరిపోయింది. క్లాసులో డౌట్ వస్తే అడిగేవాణ్ణి కాదు, ‘వీడికే డౌటా!’ అంటారని భయం. లెక్కల పోటీకి పేరివ్వమంటే ఆ రోజు ఒంట్లో బాగోలేదన్నాను. ఒంట్లో బాగానే ఉంది. ఓడిపోతే అందరికీ తెలిసిపోతుందని టెన్షన్.

నా ఒక్కడి పిరికితనం అనుకునేవాణ్ణి. తర్వాత తెలిసింది, క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇదే కనిపించిందట. ఐదో తరగతి పిల్లలకు పజిల్స్ ఇచ్చి, కొందరిని ‘చాలా తెలివైనవాళ్లు’ అని, కొందరిని ‘బాగా కష్టపడ్డారు’ అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైనవి ఇస్తే ‘తెలివైనవాళ్లు’ త్వరగా విసిగిపోయారు. ఆఖర్న మొదటి రకం పజిల్సే మళ్లీ ఇస్తే, ముందుకన్నా తక్కువ చేశారు. కొంతమంది తమకు వచ్చిన మార్కులు పెంచి చెప్పారు కూడా. ఒక్క మాట మెచ్చుకుంటేనే ఇంత జరిగితే, మైకు పెట్టి షీల్డు చేతికిస్తే ఎలా ఉంటుందో చూసుకోండి.

ఇద్దరు ఆడపిల్లల తల్లి:
బాబూ, నీకు అది బరువైంది, కాదనను. మా పెద్దమ్మాయిని నిలబెట్టింది మాత్రం అదే. పదో తరగతితో చదువు మాన్పిద్దామని ఇంట్లో మాట నడుస్తోంది. నేను చెప్తే ఎవరూ వినలేదు, ‘తల్లి కదా, అలాగే అంటుంది’ అనేశారు. ఆ ఏడాది స్కూల్లో అవార్డు ఇచ్చారు. వాళ్ల తాతగారు ముందు వరసలో కూర్చుని చూశారు. ఇంటికొచ్చాక కళ్లజోడు పెట్టుకుని ఆ సర్టిఫికెట్ రెండుసార్లు చదివారు. పేరులో ‘ల’ బదులు ‘ళ’ పడిందని ఆయనే పట్టుకున్నారు. మార్పించమని ఒక్కరం కూడా అనలేదు, అలాగే ఫ్రేము కట్టించారు. చదువు మాన్పించే మాట మళ్లీ వినపడలేదు.

అమ్మ చెప్తే వినని ఇంట్లో స్కూలు చెప్తే విన్నారు. కొంతమంది పిల్లలకి బయటివాళ్లు ఇచ్చే ఆ కాగితం తప్ప వేరే అండ ఉండదు. తీసేసేముందు వాళ్ల గురించి కూడా ఆలోచించండి.

లెక్కలు చూసేవాడు:
‘అవార్డు’ అని అన్నిటినీ ఒకే గాటన కట్టి కొట్టుకుంటున్నాం. ఎవరికి, ఎప్పుడు, ఎంతమందికి అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది.

పశ్చిమ కెన్యాలో 2001, 2002లో ఆరో తరగతి ఆడపిల్లలకు ఒక స్కాలర్‌షిప్ పెట్టారు. పరీక్షలో పై 15 శాతంలో నిలిస్తే తర్వాతి రెండేళ్లకు ఫీజు, పుస్తకాల వంటి ఖర్చులు ఇస్తారు, అందరి ముందూ సన్మానం కూడా చేస్తారు. క్రెమర్, మిగెల్, థోర్న్‌టన్ అనే ఆర్థికవేత్తలు దీన్ని పరిశీలించి 2009లో ఫలితాలు ప్రచురించారు. మార్కులు పెరిగాయి. గెలిచే ఆశ పెద్దగా లేని అమ్మాయిలకూ పెరిగాయి. బుసియా జిల్లాలోనైతే, పోటీకే అర్హత లేని మగపిల్లలకూ కొంత పెరిగాయి. టీచర్లు స్కూలుకి రావడం కూడా మెరుగైంది! పక్కనున్న తెసో జిల్లాలో మాత్రం ఇంత స్పష్టంగా కనపడలేదు.

ఇక హాజరు సంగతి. అది మీ ఫారంలో ఉంది కాబట్టి చెప్తున్నా. అమెరికాలోని కాలిఫోర్నియాలో 6 నుంచి 12 తరగతుల పిల్లలు 15,329 మందితో ఒక ప్రయోగం చేశారు. ‘వచ్చే నెలంతా మానకుండా వస్తే అవార్డు’ అని కొందరికి ముందే చెప్పారు. వాళ్ల హాజరు మారలేదు. ఇంకొందరికి ‘పోయిన ఒక నెలంతా మానకుండా వచ్చావు’ అంటూ ముందుమాట లేకుండా అవార్డు పంపారు. ఆ తర్వాతి నెల వాళ్లు ఎక్కువ మానేశారు! ‘అందరికన్నా ఎక్కువే వస్తున్నాం, ఇంత అవసరం లేదన్నమాట’ అని పిల్లలు అర్థం చేసుకున్నారని పరిశోధకుల వివరణ.

సరదా ఏమిటంటే, 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నర్సరీ వయసు పిల్లలతో బొమ్మలు గీయించినప్పుడు దీనికి తలకిందులుగా జరిగింది. ముందే చెప్పి ఇచ్చిన బహుమతి గీయాలన్న ఇష్టాన్ని తగ్గించింది. చెప్పకుండా ఇచ్చింది తగ్గించలేదు. కాబట్టి ‘పరిశోధనలు చెప్తున్నాయి’ అని ఎవరైనా బల్ల గుద్దితే, ఏ వయసు, ఏ పని అని అడగండి.

పదో తరగతి విద్యార్థి:
నేను ఇప్పుడు పదో తరగతే. అవార్డు ఎవరికో మాకు స్కూలు తెరిచిన నెలకే తెలుసు. మిగతా అందరం చప్పట్లు ప్రాక్టీస్ చేస్తాం. జోక్ కాదు, రిహార్సల్ పెడతారు.

ఒకప్పటి విజేత:
కెన్యాలో వందకి 15 మంది కదా సార్. మేడమ్ వాళ్ల దగ్గర మొత్తానికి ఒక్కరు. ఈ తమ్ముడు చెప్పింది అదే. ఎవరికో ముందే తెలిసిపోయాక దానికోసం చదివేదెవరు?

రిటైర్డ్ హెడ్‌మాస్టర్:
అమ్మా, ఎత్తేయొద్దు. ఫారం మార్చండి. నేనూ కొన్నేళ్లు పాయింట్ల లెక్కతోనే నడిపాను. విసుగొచ్చి ఒక ఏడాది పాయింట్లు తీసేసి, ఎవరి పేరు ప్రతిపాదిస్తే వాళ్లు ఆ పిల్లవాడి గురించి అరపేజీ రాయాలన్నాను. ఐదు లెటర్లు వచ్చాయి. ఐదింట్లోనూ ‘క్రమశిక్షణ, వినయం, పట్టుదల గల విద్యార్థి’. ఒకదాంట్లో అబ్బాయి గురించి రాస్తూ రాస్తూ మధ్యలో ‘ఈ బాలిక’ అని ఉంది. పోయినేటి లెటర్‌లో పేరు మార్చి ఇచ్చారన్నమాట.

అన్నీ వెనక్కి పంపాను. ‘గుణాలు వద్దు. ఆ పిల్లవాడు చేస్తుండగా మీరు కళ్లారా చూసిన ఒక్క పని రాయండి’ అన్నాను. స్టాఫ్ రూంలో నన్ను తిట్టుకున్నారని తెలుసు. ఈసారి వచ్చినవి నాలుగే, కానీ పేర్లు మారిపోయాయి. కెమిస్ట్రీ టీచర్ ఒక అబ్బాయి గురించి రాశారు. టైట్రేషన్‌లో, అంటే ద్రావణం ఎంత గాఢమో చుక్కచుక్కగా కలిపి తేల్చే ప్రయోగంలో, క్లాసంతా పక్కవాళ్ల రీడింగులు చూసి దిద్దుకున్నారు. ఈ అబ్బాయికి మూడుసార్లు చేస్తే మూడూ వేరువేరుగా వచ్చాయి. మూడూ రికార్డులో అలాగే ఉంచి, కింద ‘బ్యూరెట్ కారుతోందని అనుమానం’ అని రాశాడు. బ్యూరెట్ అంటే ఆ ద్రవాన్ని కొలిచి వదిలే గాజు గొట్టం. ఆవిడ వెళ్లి చూస్తే నిజంగానే కారుతోంది. ఆ బ్యూరెట్‌తోనే అంతకుముందు రెండు సెక్షన్ల పిల్లలు ‘సరైన’ జవాబులు రాసి మార్కులు తెచ్చుకున్నారు. ఈ అబ్బాయికి మార్కుల్లో పదో స్థానం కూడా లేదు. పాయింట్ల ఫారంలో వీడు ఎప్పటికీ కనపడడు.

ఏది గొప్ప అన్నది పెద్ద అవార్డుల్లోనూ మారుతూనే వచ్చింది. అమెరికాలో హైస్కూల్ చివరి ఏడాది పిల్లలకిచ్చే ప్రెసిడెన్షియల్ స్కాలర్స్ గౌరవం 1964లో మొదలైనప్పుడు చదువుకే. 1979లో కళలు చేర్చారు, 2015లో వృత్తి, సాంకేతిక విద్య. ఏడాదికి 161 మంది దాకా తీసుకుంటారు. అంత పెద్ద దేశమే ‘ఒక్కరు’ అనలేదు.

లెక్కలు చూసేవాడు:
హెడ్‌మాస్టర్ గారూ, బ్యూరెట్ కథ బాగుంది. కానీ లెటర్ పెడితే బాగా రాసే టీచర్ దగ్గరున్న పిల్లలకే అవార్డులు పోవూ? పాయింట్లలో తప్పుంటే మేడమ్‌లా 225తో భాగించి పట్టుకోవచ్చు. లెటర్‌లో పక్షపాతం ఉంటే ఎలా పట్టుకుంటారు?

రిటైర్డ్ హెడ్‌మాస్టర్:
పట్టుకోలేం. మాకూ జరిగింది. మూడేళ్లు వరసగా ఒక్క తెలుగు మాస్టారి పిల్లలే గెలిచారు, ఆయన అంత బాగా రాసేవారు. తర్వాత ప్రతి టీచరూ కనీసం ఒకరి గురించి రాయాల్సిందేనని, నచ్చిన లెటర్లన్నిటికీ అవార్డు ఇవ్వాలని పెట్టాం. ఒక ఏడాది ఏడుగురు, ఒక ఏడాది ఇద్దరు. కొంత సర్దుకుంది, పూర్తిగా కాదు.

చివరి బెంచీ:
ఏడుగురా? అయితే చప్పట్ల రిహార్సల్ పెంచాలి.

ఇద్దరు ఆడపిల్లల తల్లి:
ఎంతమందికిచ్చినా సరే, కాగితం మాత్రం ఇవ్వండి. ఆ అరపేజీ కూడా దాంట్లోనే అచ్చువేయించండి. మా మామగారు చదివేవారు.

ఒకప్పటి విజేత:
నా సర్టిఫికెట్ మీద ‘91 శాతం, ప్రథమ స్థానం’ అని మాత్రమే ఉంది. నేను చేసిన పని ఏదైనా ఒక్క వాక్యం రాసుంటే అంత భయపడేవాణ్ణి కాదేమో. నా ఓటు ఇప్పటికీ ఎత్తేయమనే, కానీ ఇందాకటంత గట్టిగా కాదు.

పదో తరగతి టీచర్:
అందరికీ థాంక్స్. ఎత్తేయమని అడగను. హాజరు, ప్రవర్తన గడులు తీసేయాలని, ‘ఒక్కరే’ అన్న నియమం పోవాలని, అరపేజీ లెటర్ పెట్టాలని అడుగుతాను. మావాళ్లు ఒప్పుకుంటారో లేదో చూడాలి, అందరికీ పని పెరుగుతుంది కదా.

హెడ్‌మాస్టర్ గారి మాట విని, నిన్న రాత్రి నా సెక్షన్‌లో 42 మంది పేర్లు వరసగా రాసుకుని, ఒక్కొక్కరి పక్కన నేను కళ్లారా చూసిన ఒక పని రాద్దామని కూర్చున్నాను. ఆ 9 రోజుల అబ్బాయికి వెంటనే రాశాను, తిరిగొచ్చిన రోజే పోయిన నోట్సంతా లంచ్‌లో కూర్చుని ఎత్తిరాసుకున్నాడు. పదకొండో పేరు దగ్గర ఆగిపోయాను. ఏడాదంతా మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి. మార్కులు చెప్పగలను, రోల్ నంబర్ చెప్పగలను. రాయడానికి ఒక్క వాక్యం దొరకలేదు.

రేపు ఆ అమ్మాయి ల్యాబ్ రికార్డు తెప్పించుకుని చూస్తాను.