28, 36, 37: ఇందులో మన రాష్ట్రం కోడ్ ఏది? జనగణన, జీఎస్టీ, ఎన్నికల నంబర్లు కలపలేక చస్తున్నా

పట్టికల_పిచ్చి:

అందరికీ నమస్తే. రెండు వారాలుగా ఒక పని మీద తల పట్టుకు కూర్చున్నా, ఎవరైనా దారి చూపిస్తారేమోనని ఇక్కడ రాస్తున్నా.

చెప్పడానికి పని చిన్నదే. 2011 జనాభా లెక్కలు జిల్లావారీగా ఒక ఫైల్లో ఉన్నాయి, అసెంబ్లీ ఫలితాలు ఇంకో ఫైల్లో, మా కస్టమర్ల జీఎస్టీ నంబర్లు మూడో ఫైల్లో. మూడూ కలిపి ఒక మ్యాప్ గీయాలి. మొదట పేర్లతో కలిపాను. రంగారెడ్డి ఒకచోట చివర వై, ఇంకోచోట ఐ, మరోచోట మధ్యలో ఖాళీ. సరే, దగ్గరదగ్గరగా ఉన్న పేర్లను కలిపే టూల్ ఒకటి వాడితే అది మహబూబాబాద్‌ని తీసుకెళ్లి మహబూబ్‌నగర్‌లో కలిపేసింది. ఆ రెండు ఊళ్ల మధ్య ఎంత దూరమో దానికేం తెలుసు పాపం.

పేర్లు వద్దు, కోడ్‌లు వాడమని ఆఫీసులో ఒకాయన సలహా ఇచ్చాడు. బాగానే ఉందనుకుని, జీఎస్టీ నంబర్లో మొదటి రెండంకెలు రాష్ట్రం కోడే కదా అని, ప్రభుత్వ వెబ్‌సైట్లో దొరికిన రాష్ట్రాల కోడ్‌ల పట్టికతో కలిపేశా. ఒక్క ఎర్రర్ రాలేదు. సోమవారం మీటింగ్‌లో మ్యాప్ తెర మీద వేసేసరికి విజయవాడ, గుంటూరు, రాజమండ్రి కస్టమర్లంతా లద్దాఖ్‌లో తేలారు. మా మేనేజర్ కాసేపు అలాగే చూసి "లేహ్‌లో మనకి ఇంత బిజినెస్ ఉందా" అన్నారు. నవ్వుతూ అనలేదు, అదే నా టెన్షన్.

ఇంకో డౌటు. 2014 ఫైల్లో ఇచ్ఛాపురం నంబర్ 120, 2019 ఫైల్లో 1. టైపింగ్ తప్పా? అసలు దేశం మొత్తానికీ ఒకే కోడ్ అంటూ ఏదైనా ఉందా, లేక ఎవరి గోల వాళ్లదేనా?

---

గట్టు_మీద_గోపి:

లద్దాఖ్ కథకి పొట్ట పట్టుకుని నవ్వాను, ఏమీ అనుకోకండి. మూడేళ్ల కింద నేనూ అదే గుంటలో పడ్డా కాబట్టి నవ్వే హక్కు ఉందనుకుంటున్నా.

జరిగింది ఇదీ. 2011 జనగణనలో రాష్ట్రాలకీ కేంద్రపాలిత ప్రాంతాలకీ 01 నుంచి 35 దాకా నంబర్లున్నాయి. 01 జమ్మూ కాశ్మీర్, 35 అండమాన్, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 28. 2014లో తెలంగాణ వచ్చాక ఖాళీగా ఉన్న తర్వాతి నంబరు 36 దానికిచ్చారు. ఇంతవరకూ గొడవ లేదు, అందరిదీ ఒకే మాట. తేడా వచ్చింది మిగిలిన ఆంధ్రప్రదేశ్ దగ్గర. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వాళ్ల లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ, రాష్ట్రాలకీ జిల్లాలకీ ఊళ్లకీ కోడ్‌లిచ్చే జాబితా, అదే అందరూ ఎల్‌జీడీ అంటారు చూడండి, అందులో ఆంధ్రప్రదేశ్‌కి పాత 28నే ఉంచేశారు. జీఎస్టీ వాళ్లు మాత్రం 28ని విభజనకు ముందు రాష్ట్రం అని పక్కన పెట్టి కొత్త ఆంధ్రప్రదేశ్‌కి 37 ఇచ్చారు. 2019 అక్టోబర్ 31న లద్దాఖ్ విడిగా ఏర్పడింది. అప్పటికి ఎల్‌జీడీ లెక్కలో 37 ఖాళీ, లద్దాఖ్‌కి ఇచ్చేశారు. జీఎస్టీలో ఖాళీ లేదు కాబట్టి అక్కడ లద్దాఖ్ 38. ఎల్‌జీడీలో 38 అంటే దాద్రా నగర్ హవేలీ, డామన్ డయ్యూ. అంటే మీకు లేహ్‌లో నిజంగా కస్టమర్ ఉండుంటే ఆయన డామన్ సముద్రపు ఒడ్డున తేలేవాడు.

నమ్మకం లేకపోతే బెజవాడలో టిఫిన్ చేసిన బిల్లొకటి, హైదరాబాద్‌లో చేసిన బిల్లొకటి పక్కపక్కన పెట్టి చూడండి. జీఎస్టీ నంబర్ అది 37తో మొదలవుతుంది, ఇది 36తో.

జిల్లాల దగ్గర ఇదే రోగం ఇంకో రకంగా ఉంటుంది. 2011 జనగణనలో దేశమంతటికీ కలిపి 640 జిల్లాలు, వరసగా 001 నుంచి 640. హైదరాబాద్ 536. ఎల్‌జీడీలో హైదరాబాద్ 507. రెండూ మూడంకెలే, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. జనగణన లిస్టులో 507 కోసం వెతికితే మహారాష్ట్రలో గోందియా తగులుతుంది, ఎల్‌జీడీ వాళ్ల కరీంనగర్ 508 ఇక్కడ గడ్చిరోలి అయిపోతుంది. కోడ్ లేకపోతే ప్రోగ్రామ్ అరుస్తుంది, మనకి తెలుస్తుంది. ఉండి, వేరేవాళ్లది అయితే నోరెత్తదు.

నేను చేసేది ఒక్కటే. కాలమ్‌కి ఉత్తినే "జిల్లా కోడ్" అని పేరు పెట్టను. "జనగణన 2011 జిల్లా కోడ్", "ఎల్‌జీడీ జిల్లా కోడ్, ఫలానా తేదీన దింపింది" అని బారెడు పేరు పెడతా. చూసినవాళ్లు చాదస్తం అంటారు, అననివ్వండి. ఎల్‌జీడీ పట్టికలో పక్కనే 2001, 2011 జనగణన కోడ్‌ల కాలమ్‌లు కూడా ఉంటాయి, ఆ వంతెన వాడుకోండి. అన్నట్టు కోడ్‌ని అంకెగా కాకుండా టెక్స్ట్‌గానే ఉంచండి, లేకపోతే ఎక్సెల్ 01లో సున్నా మింగేస్తుంది.

---

ఏపీ16_బండి:

ఇంత కష్టమెందుకు సార్, బండి నంబర్ చూసి చెప్పే రోజులే నయం. 9 అంటే హైదరాబాద్, 16 అంటే కృష్ణా, 31 అంటే వైజాగ్. మా నాన్న హైవే మీద కూర్చుని ఏ బండి ఏ జిల్లాదో పట్టిక చూడకుండా చెప్పేవాడు. 2019లో ఏపీ అంతటికీ 39 అని ఒకటే ఇచ్చి ఆ సరదా కూడా పోగొట్టారు. తెలంగాణలో టీఎస్ కాస్తా 2024 మార్చిలో టీజీ అయింది. ఇందులో అసలు కామెడీ ఏంటంటే అంతర్జాతీయ ఐఎస్‌ఓ లిస్టులో తెలంగాణ మొదట్నుంచీ టీజీయే. మన బోర్డుల మీద టీఎస్ ఉందని 2023 నవంబర్లో వాళ్లు టీఎస్ చేశారు, వాళ్లు మార్చిన నాలుగు నెలలకి మనం టీజీకి మారాం.

---

ఓట్ల_డెస్క్:

ఇచ్ఛాపురం సంగతి నేను చెప్తా, ఎన్నికల రోజుల్లో ఈ నంబర్లతోనే నిద్ర లేస్తాం కాబట్టి.

టైపింగ్ తప్పు కాదండీ. 2008 పునర్విభజనలో ఉమ్మడి రాష్ట్రంలోని 294 సీట్లకి ఉత్తరం నుంచి నంబర్లు వేసుకొచ్చారు. తెలంగాణ ముందు: సిర్పూర్ 1, భద్రాచలం 119. ఆ తర్వాత శ్రీకాకుళం నుంచి మొదలుపెట్టి ఇచ్ఛాపురం 120, చివర్న కుప్పం 294. 2014 ఎన్నికలు జరిగేటప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు, జూన్ 2న కదా విడిపోయింది, అందుకే ఆ ఏడాది లెక్కల్లో 294 సీట్లూ ఒకే వరసలో కనిపిస్తాయి. విడిపోయాక తెలంగాణ 1 నుంచి 119 అలాగే ఉండిపోయింది, ఆంధ్రప్రదేశ్‌కి మళ్లీ 1 నుంచి వేశారు. ఇచ్ఛాపురం 1, కుప్పం 175. పాత నంబర్లోంచి 119 తీసేస్తే కొత్త నంబర్ వచ్చేస్తుంది. ఎంపీ సీట్లకైతే 17 తీసెయ్యాలి, 18 నంబర్ అరకు 1 అయింది, 42 నంబర్ చిత్తూరు 25 అయింది. ఇంత నీటుగా కుదిరే లెక్క మన ఆఫీసుల్లో ఇంకెక్కడా చూడలేదు నేను.

మీరు భయపడాల్సింది వేరే దానికి. ఆంధ్రప్రదేశ్ 1 అని 2014 ఫైల్లో ఉంటే అది సిర్పూర్, 2019 ఫైల్లో ఉంటే ఇచ్ఛాపురం. ఈ రెండూ కలిపేసి "ఓట్ల శాతం ఇంత మారింది" అని ఒకాయన ఉత్సాహంగా చార్టు పట్టుకొస్తే ప్రింటుకి వెళ్లే ముందు ఆపాం. ఇంకోటి, ఎన్నికల సంఘం రాష్ట్రాల కోడ్‌లు మళ్లీ వేరు, ఇంగ్లిష్ అక్షరాల వరసలో ఆంధ్రప్రదేశ్ ఎస్01, తర్వాత ఏర్పడింది కాబట్టి తెలంగాణ చివర్న ఎస్29. 28, 36, 37 గొడవకి దీనికీ సంబంధమే లేదు.

---

మాజీ_గణకుడు:

బాబూ, 2011లో జనాభా లెక్కలకి ఇంటింటికీ తిరిగినవాణ్ణి, తర్వాత కొన్నాళ్లు మండల ఆఫీసులో ఈ కాగితాల మధ్యే గడిపాను. పైవాళ్లు చెప్పిందంతా నిజమే గానీ మీకు అసలు చిక్కు ఇంకా తగల్లేదు. రాష్ట్రం కోడ్ సరిచేసుకున్నాక తగులుతుంది.

కమలాపూర్ మండలం తీసుకోండి. 2011 లెక్కల్లో అది కరీంనగర్ జిల్లా, కోడ్ 534. 2016 అక్టోబర్ 11న పది జిల్లాల్ని 31 చేసినప్పుడు దాన్ని వరంగల్ అర్బన్‌లో కలిపారు. 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది. ఓటు మాత్రం ఇప్పటికీ హుజూరాబాద్‌లోనే, నంబర్ 31, ఎంపీ సీటు కరీంనగర్. ఊరు అంగుళం కదల్లేదు. కొత్త జిల్లాలు వచ్చినా నియోజకవర్గాల హద్దులు 2008వే, అవి కూడా 2001 జనాభా లెక్క మీద గీసినవి. అందుకని తెలంగాణలో ఒక నియోజకవర్గం రెండు జిల్లాల్లో కాళ్లు పెట్టుకుని ఉండటం మామూలే. ఆంధ్రాలో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాల్ని 26 చేసినప్పుడు ఎంపీ సీట్లనే ప్రాతిపదికగా తీసుకున్నారు కాబట్టి అక్కడ ఈ బాధ కొంత తక్కువ.

పేరు మారడంలో ఇంకో మెలిక ఉంది చూడండి. వరంగల్ అర్బన్ హనుమకొండ అయినప్పుడే వరంగల్ రూరల్ ఉత్త వరంగల్ అయింది. అంటే 2011 ఫైల్లో వరంగల్ అంటే పెద్ద పాత జిల్లా, ఇప్పటి ఫైల్లో వరంగల్ అంటే దాంట్లో ఒక ముక్క. పేరు అక్షరం తేడా లేకుండా కలుస్తుంది, లోపల సరుకు వేరు.

కాబట్టి జిల్లాని జిల్లాతో కలపొద్దు. ఊరు దగ్గర్నుంచి రండి. 2011లో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఆరంకెల కోడ్ ఉంది, మున్సిపాలిటీలవి 8తో మొదలవుతాయి. ఆ కోడ్ పట్టుకుని ఏ ఊరు ఇవాళ ఏ జిల్లాలో ఉందో, ఏ నియోజకవర్గంలో ఉందో రాసుకుని, కింది నుంచి జనాభా కూడుకుంటూ పైకి రావాలి. మండలాలతో సరిపెట్టుకుందామంటే అవి కూడా 2016లో ముక్కలయ్యాయి. పని ఎక్కువే, ఒకసారి చేసి పెట్టుకుంటే మాత్రం పదేళ్లు తింటారు.

---

గట్టు_మీద_గోపి:

పెద్దాయన చెప్పిందానికి ఒక్క ముక్క కలుపుతా. జనగణన ఫైల్లో తెలంగాణ విడిగా కావాలంటే 532 నుంచి 541 దాకా తీసుకుంటే చాలు, ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా పది జిల్లాలూ వరసగా ఉంటాయి, 542 శ్రీకాకుళం నుంచి 554 చిత్తూరు దాకా ఆంధ్ర అని చాలామంది చేసేస్తారు. నేనూ చేశా. ఖమ్మం 541లోంచి పోలవరం ముంపు మండలాలు 2014లో ఆంధ్రకి వెళ్లాయని మర్చిపోతే లెక్క తప్పుతుంది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం జనం ఇంకా మీ తెలంగాణలోనే ఉండిపోతారు.

---

పట్టికల_పిచ్చి:

అందరికీ దండాలు. లద్దాఖ్ ఖాళీ అయింది, కస్టమర్లంతా కృష్ణా ఒడ్డుకి క్షేమంగా చేరారు. ఇచ్ఛాపురంలో 119 తీసేశా, 175 సీట్లూ కలిశాయి. ఊళ్ల పట్టిక మొదలుపెట్టి మూడు రోజులైంది, ముందు ఖమ్మం జిల్లా పట్టుకున్నా. గణకుడు గారూ, భద్రాచలం పాత మండలం ఒకటే నన్ను ఆపేసింది. పట్టణం తెలంగాణలో ఉంది, చుట్టుపక్కల ఊళ్లు ఆంధ్రలో ఉన్నాయి, నా 2011 ఫైల్లో మాత్రం అంతా కలిపి ఒకటే మండలం, ఒకటే కోడ్. దాన్నెలా విడదీయాలి?

---

మాజీ_గణకుడు:

మండలం వరసని ముట్టుకోకండి, దాని కింద ఊళ్ల వరసలు తెరవండి. భద్రాచలం ఒక్కదాన్ని ఇటుంచి మిగతా ఊళ్లని అటు వేయండి. అటు వేసినవి ఇప్పుడు ఎటపాక మండలం కింద దొరుకుతాయి, 2022 విభజనలో జిల్లా అల్లూరి సీతారామరాజు అయింది, ఓటు రంపచోడవరం. బూర్గంపాడు దగ్గర కూడా ఇలాగే కొన్ని ఊళ్లు ఇటు, కొన్ని అటు. అక్కడ మాత్రం ఒక్కో ఊరి పేరూ 2014 సవరణ చట్టంలో ఉన్న పేర్లతో సరిచూసుకుని వేయండి, తొందరపడకండి.