నడుస్తున్న లగ్జరీ వాచీని ఐదేళ్లకోసారి విప్పించాలా, వద్దా?

పానగల్లు_ఆటోమేటిక్:
మన నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు దిక్కు రోలెక్స్, ఒమేగా, ట్యూడర్, లాంజిన్స్ పెట్టుకునేటోళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. ఐదో యేడు రాంగనే అందరికీ ఒకటే అనుమానం: మంచిగ నడుస్తున్న వాచీని సర్వీసుకు ఇయ్యాలా? కంపెనీల మాట కూడ ఒక్క తీరుగ లేదు. రోలెక్స్ సుమారు 10 ఏళ్లకోసారి అంటది, ఒమేగా 5 నుంచి 8 ఏళ్లు అంటది.

రోజుకు తేడా హద్దుల ఉన్నంత కాలం మూవ్‌మెంట్‌ను, అంటే లోపలి యంత్రాన్ని, ముట్టొద్దన్నది నా వాదన. కాస్క్ (స్విస్ క్రోనోమీటర్ పరీక్ష సంస్థ) సర్టిఫికెట్ ఉన్న వాచీకి ఆ హద్దు మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్లు, రోలెక్స్ తనకు తాను పెట్టుకున్నది ప్లస్ మైనస్ 2. విప్పిన ప్రతిసారీ ఏదో ఒక నష్టానికి దారి తెరిచినట్టే. ముళ్లు పీకేటప్పుడు డయల్ మీద గీత పడొచ్చు, స్క్రూ తల చెడొచ్చు. ట్వీజర్ మొన తగిలి హెయిర్‌స్ప్రింగ్ (టైము నడిపే సన్నని చుట్ల స్ప్రింగ్) వంగితే దాన్ని సాపు చేయగల చేతులు హైదరాబాద్‌ల కూడ కొన్నే. పైగా పాతకాలం జంతు కొవ్వుల నూనెలు త్వరగా గడ్డకట్టేవి, ఇప్పటి సింథటిక్ ఆయిళ్లు అట్ల కావు. ఒప్పుకోనోళ్లు లెక్కలతో చెప్పండి.

బెంచి_పాలమూరు:
అన్నా, టైము కరెక్టుగ చూపిస్తుందంటే లోపల బాగున్నట్టు కాదు. ఈ రెండూ వేరు వేరు. ఆయిలు తగ్గి రాపిడి పెరిగితే మొదలు పడిపోయేది ఆంప్లిట్యూడ్, అంటే బాలెన్స్ చక్రం ఊగే కోణం. 290 డిగ్రీలు ఊగాల్సింది 230 ఊగినా రోజుకు ప్లస్ 3 చూపించే వాచీలు ఉంటయి. ముల్లు చూసి మీరు ఎట్ల పట్టుకుంటరు?

ఎండిపోయిన పివట్ (చక్రం ఇరుసు మొన) సంగతి చెప్తా. 10x లూప్‌ల, అంటే భూతద్దంల, మంచి పివట్ అద్దం లెక్క మెరుస్తది. ఆయిలు పోయినదానికి చుట్టూ సన్నని గీతలు పడి ఉంటయి, ఆ మొన కూర్చునే జ్యువెల్ (రాయి) రంధ్రం అంచున ఎర్రటి గోధుమ రంగు పేస్టు పేరుకుని ఉంటది. అది అరిగిన స్టీలు పొడి పాత ఆయిల్ల కలిసి, తుప్పు పట్టి తయారైనది. అక్కడి నుంచి ఆ పేస్టే గ్రైండింగ్ చేస్తది. ముందే విప్పితే కడిగి ఆయిలు పెడితే అయిపోయే పని, ఈ దశల చక్రమే మార్చాల్సి వస్తది. రోలెక్స్ 3135 మూవ్‌మెంట్‌ల రోటర్ (చెయ్యి కదిలితే తిరిగి కీ ఎక్కించే బరువు) బాల్ బేరింగ్ మీద కాదు, ఇరుసు మీద తిరుగుతది. ఆ ఇరుసు ఎండి అరిగితే రోటర్ కిందికి వాలి బ్రిడ్జిని (చక్రాలను పట్టి ఉంచే పలకను) గీకుతది. టైము మటుకు కరెక్టే చూపిస్తుంటది. వెనక మూత తీసినప్పుడు బూడిద రంగు పొడి కనబడ్డదంటే ఆలస్యమైనట్టే.

ట్రాక్టర్ నడుస్తుంది కదా అని ఇంజనాయిలు మార్చకుండ ఎవరూ ఉండరు కదా.

మిర్యాలగూడ_కాల్వకట్ట:
మీ ఇద్దరి వాదన మూవ్‌మెంట్ చుట్టే తిరుగుతుంది. మన ఎండల్ల, మన చెమటల ముందు పోయేవి నీళ్లు ఆపే రబ్బరు గ్యాస్కెట్లు. నల్లగొండల మే నెల 44, 45 డిగ్రీలు మామూలు, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన వాచీ ఇంకా ఎంతో వేడెక్కుతది. రబ్బరు గట్టిపడి చదును అయితది. వెనక మూత అంచుల చెమట ఉప్పు చేరి స్టీలునే గుంటలు గుంటలుగ తింటది. గుంట పడ్డంక కొత్త గ్యాస్కెట్ వేసినా నీళ్లు ఆగవు.

100 మీటర్లు అని మూత మీద రాసి ఉన్నది కొత్తగ ఉన్ననాటి మాట. సాగర్‌ల ఈత కొట్టేటోళ్లు యేడాదికోసారి ప్రెషర్ టెస్టు, రెండు మూడేళ్లకు గ్యాస్కెట్లు. మూవ్‌మెంట్ సర్వీసుతో దీన్ని ముడిపెట్టొద్దు.

రైస్ మిల్లుల్ల పనిచేసేటోళ్లు ఇంకోటి చూసుకోవాలె. వడ్లల్ల ఇనుప ముక్కలు పట్టే అయస్కాంతం పక్కన చెయ్యి పెడితే మామూలు వాచీ హెయిర్‌స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటయి. అప్పుడు రోజుకు నిమిషాల లెక్కన ముందుకు పోతది. అది సర్వీసు పని కాదు, అయస్కాంత గుణం తీసే డీమాగ్నెటైజర్‌తో నిమిషంల అయ్యే పని. మామూలు యాంటీమాగ్నెటిక్ ప్రమాణం 4,800 ఆంపియర్ పర్ మీటర్, అంటే 60 గాస్ దగ్గర. ఒమేగా మాస్టర్ క్రోనోమీటర్లకు 15,000 గాస్, వాటికి ఈ భయం లేదు.

పానగల్లు_ఆటోమేటిక్:
గ్యాస్కెట్ల ముచ్చట ఒప్పుకుంటున్న. మూత మటుకే తీసి, మూవ్‌మెంట్ కదపకుండ అయ్యే పని అది. క్రౌన్ (కీ తిప్పే బొడిపె) గ్యాస్కెట్ మార్చాలంటే మటుకు క్రౌన్ స్టెమ్‌తో (దాని పుల్లతో) సహా బయటికి రావాలె, అది కూడ చిన్న పనే.

కాని బెంచి అన్నా, మీరు చెప్పిన అరుగుదల కూడ క్యాలెండర్ చూసి రాదు కదా. యేడాదికి పది రోజులు పెట్టుకునే వాచీ, రోజూ చేతికుండే వాచీ రెండింటికీ ఒకటే ఐదేళ్లా? మిషను లేకుండ ఇంట్లనే చూసుకునే పద్ధతి ఒకటుంది. పూర్తిగ కీ ఇచ్చి, బల్ల మీద డయల్ పైకి పెట్టి, ఎన్ని గంటలకు ఆగుతదో రాసుకోవాలె. ఈటీఏ 2824 మూవ్‌మెంట్‌కు 38 గంటలు, రోలెక్స్ 3135కు 48, 3235కు 70. ఇంచుమించు అంతసేపు నడిస్తే మెయిన్‌స్ప్రింగ్ (కీ ఇస్తే చుట్టుకునే స్ప్రింగ్) నుంచి చివరి దాక శక్తి మంచిగనే పోతున్నట్టు.

బెంచి_పాలమూరు:
ఆ పరీక్ష సగమే చెప్తది. ఆంప్లిట్యూడ్ 180కి పడ్డ వాచీ కూడ పూర్తి గంటలు నడవొచ్చు. ఇంకో మాట, సెలీటా ఎస్‌డబ్ల్యూ200 మూవ్‌మెంట్ ఉన్నోళ్లు ఊకె ఊకె చేత్తో కీ తిప్పొద్దు. దాంట్ల కీ తిప్పితే తిరిగే రాచెట్ చక్రం పళ్లు అరుగుడు అందరికీ తెలిసిందే. ఆగిపోయిన వాచీకి పది పదిహేను చుట్లు ఇచ్చి చేతికి పెట్టుకుంటే చాలు. చేత్తో కీ తిప్పేటప్పుడు లోపల రోటర్ గిరగిర తిరిగితే రివర్సింగ్ చక్రాలు (రోటర్ ఎటు తిరిగినా కీ ఒకే దిక్కు ఎక్కించేవి) పట్టేసినయని అర్థం, అది మటుకు ఆగే పని కాదు.

సరిగ్గ తెలియాలంటే టైమ్‌గ్రాఫరే, అంటే వాచీ చప్పుడు విని కొలిచే మిషను. పద్ధతి ఇది: పూర్తి కీ ఇచ్చి అరగంట వదిలేయాలె. లిఫ్ట్ యాంగిల్ (ఆంప్లిట్యూడ్ లెక్కకు మిషన్ల పెట్టే, మూవ్‌మెంట్‌కు తగ్గ కోణం) ముందు సరిగ్గ పెట్టాలె: 2824కు 50, ఈటీఏ 7750కి 49, 3135కు 52, 3235కు 55, ఒమేగా 8500కు 38. అందరూ తప్పేది ఇక్కడనే. 38 పెట్టాల్సిన చోట మిషన్ల ఉన్న 52నే వదిలేస్తే 270 ఉన్న ఆంప్లిట్యూడ్ 360 దాటి కనబడ్తది, వాచీ బంగారం అని చెప్పి పంపిస్తరు. తర్వాత డయల్ పైకి, డయల్ కిందికి, క్రౌన్ పైకి, క్రౌన్ కిందికి, క్రౌన్ ఎడమకు, ఒక్కొక్క తీరుగ నిమిషం చొప్పున. పండుకోబెట్టినప్పుడు 270 నుంచి 310, నిలబెట్టినప్పుడు 20 నుంచి 40 డిగ్రీలు తక్కువ ఉండొచ్చు. బీట్ ఎర్రర్ (టిక్, టాక్ మధ్య తేడా) 0.8 మిల్లీ సెకన్ల లోపల. ఈ అంకెలు మామూలు స్విస్ లీవర్ ఎస్కేప్‌మెంట్‌కు (చక్రాలను ఆపి వదిలే భాగానికి), ఒమేగా కో-యాక్సియల్‌ను వీటితోని పోల్చొద్దు.

అసలు పరీక్ష మళ్లీ కీ ఇయ్యకుండ 24 గంటల తర్వాత కొలుచుడు. స్ప్రింగ్ బలం తగ్గినప్పుడే రాపిడి బయటపడ్తది. అప్పుడు నిలబెట్టి చూస్తే 200 కంటే తక్కువ వచ్చిందంటే టైము ఎంత కరెక్టున్నా విప్పాలె.

సూర్యాపేట_హైవే65:
విప్పాలా వద్దా అన్నదానికంటే ఎవరి చేతుల్లో విప్పుతున్నారన్నది పెద్ద ప్రశ్న. చిన్న దుకాణాల్లో ఇప్పటికీ నడుస్తున్న పద్ధతి ఒకటుంది: మూవ్‌మెంట్ పూర్తిగా విప్పకుండా పెట్రోల్‌లో ముంచి తీసి, ఆరబెట్టి, పైనుంచి చుక్క చుక్క ఆయిల్ వేయడం. పాత మురికి జ్యువెల్ రంధ్రాల్లోనే ఉండిపోతుంది. పెట్రోల్ మిగిల్చిన పొర మీద కొత్త ఆయిల్ ఒకచోట నిలవక పాకుతుంది, హెయిర్‌స్ప్రింగ్‌కు తాకితే చుట్లు అంటుకుంటాయి. దానికంటే అసలు సర్వీస్ చేయించకపోవడమే నయం.

లగ్జరీ బ్రాండ్లకు పార్టుల సమస్య కూడా ఉంది. స్వాచ్ గ్రూప్ 2016 జనవరి 1 నుంచి బయటి హోల్‌సేలర్లకు విడిభాగాలు ఆపేసింది. ఒమేగా, లాంజిన్స్, ఈటీఏ అన్నీ ఆ గొడుగు కిందివే. యూరప్‌లో స్వతంత్ర రిపేర్‌దారుల సమాఖ్య ఈ పార్టుల మీదే 2004లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. కమిషన్ తోసిపుచ్చింది, 2017లో జనరల్ కోర్టు ఆ నిర్ణయాన్నే నిలబెట్టింది. అక్కడే దారి దొరకనప్పుడు మన నల్లగొండ ప్రకాశం బజారులో మెకానిక్‌కు అసలు పార్టు ఎక్కడి నుంచి వస్తుంది? వంద కిలోమీటర్లే కదా, హైదరాబాద్‌లో కంపెనీ సెంటర్‌కు చేత్తో తీసుకెళ్లి ఇవ్వడమే.

గద్వాల_కోటబురుజు:
అన్ని వాచీలను ఒక్క గాట కట్టొద్దు సార్. మన దగ్గర హెచ్ఎంటీ మీద చెయ్యి తిరిగిన పెద్ద మెకానిక్‌లు ఇంకా ఉన్నరు. 2824, ఎస్‌డబ్ల్యూ200 అసుంటివి వాళ్లకు కష్టం కాదు. మెయిన్‌స్ప్రింగ్, రివర్సింగ్ చక్రాలు బయట దొరుకుతయి. కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంట్, రోలెక్స్ కొత్త క్రోనర్జీ ఎస్కేప్‌మెంట్ మటుకు వాళ్లకు ఇయ్యొద్దు, అది వాళ్ల తప్పు కాదు.

మెకానిక్‌ను అడగాల్సింది ధర కాదు, ఏ చోట ఏ ఆయిలు పెడుతరో అడగండి. బాలెన్స్ పివట్లకు, వేగంగ తిరిగే చక్రాలకు మోబియస్ కంపెనీ 9010. బ్యారెల్ (మెయిన్‌స్ప్రింగ్ ఉండే డబ్బా) ఇరుసు, సెంటర్ చక్రం అసుంటి నెమ్మదిగ, బరువుతో తిరిగే చోట్ల హెచ్‌పీ1300 లేకుంటే డీ5. ఎస్కేప్ చక్రాన్ని ఆపి వదిలే ప్యాలెట్ రాళ్ల మీద 9415. ఆటోమేటిక్ బ్యారెల్ గోడకు 8217. ప్యాలెట్ ఫోర్కు పివట్లకు ఏం పెడుతరని అడిగితే మంచి మెకానిక్ "ఏం పెట్టం" అంటడు. అన్నిటికీ ఒకటే సీసా చూపిస్తే దండం పెట్టి వచ్చేయండి. మెయిన్‌స్ప్రింగ్ పాతదే కడిగి వేస్తనన్నా అంతే.

ఇంకోటి, మూవ్‌మెంట్ కడుగుడు మిషన్ల ఒక క్లీనింగ్ ద్రవం, రెండు సార్లు రిన్స్, తర్వాత వేడిగాలి. గీ నాలుగూ బెంచి మీద కనబడాలె.

హుజూర్‌నగర్_సిమెంట్:
రోలెక్స్ 32 సిరీస్ (3235 అసుంటి మూవ్‌మెంట్లు) ఉన్నోళ్లకు ఒక మాట. వీటిల కొన్నింటికి ఆంప్లిట్యూడ్ పడిపోయి రోజూ కొన్ని సెకన్లు వెనకబడుడు గురించి ప్రపంచమంతట వాచీలోళ్లు ఏళ్ల నుంచి మాట్లాడుకుంటున్నరు. అన్నిటికీ వస్తదని కాదు. గ్యారంటీ 5 ఏళ్లు ఉంది కాబట్టి నాలుగో యేట ఒకసారి కొలిపించండి. ప్లస్ 1 ఉన్నది మైనస్ 5కి జారితే గ్యారంటీ లోపలనే ఇచ్చేయండి. "బాగనే నడుస్తుంది" అనుకుంట ఐదో యేడు దాటిస్తే బిల్లు మీదే. మా దిక్కు సిమెంటు దుమ్ముల తిరిగేటోళ్లు బెజెల్ (అద్దం చుట్టూ ఉండే రింగు) కింద చేరిన పొడి కూడ తీయించాలె, అది గీకుతది.

సూర్యాపేట_హైవే65:
కంపెనీ సెంటర్‌కు ఇచ్చేటప్పుడు ఫారం మీద రాతపూర్వకంగా రాయించండి: పాలిష్ వద్దు, అడగకుండా డయల్, ముళ్లు మార్చొద్దు. 1990ల నాటి, చీకట్లో మెరిసే ట్రిటియం పూత ఉన్న డయల్ తీసేసి కొత్తది వేస్తే వాచీ కొత్తగా కనిపిస్తుంది కానీ సేకరించేవాళ్ల దగ్గర విలువ పోతుంది. లగ్గుల (పట్టీ తగిలించే కొమ్ముల) మూలలు పాలిష్‌లో ఒకసారి గుండ్రబడితే మళ్లీ రావు. పాత భాగాలు తిరిగిస్తారా అని ముందే అడగండి, కొన్ని కంపెనీలు ఇవ్వవు. సీరియల్ నంబర్, డయల్, కేసు నాలుగు వైపులా ఫొటోలు వాళ్ల ముందే తీయండి. సర్వీస్ తర్వాత రోలెక్స్ 2 ఏళ్ల గ్యారంటీ ఇస్తుంది, ఆ కాగితం పారేయొద్దు.

పని చెడగొట్టి బాధ్యత తీసుకోకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. సెంటర్ హైదరాబాద్‌లో ఉన్నా నల్లగొండలో చెల్లుతుంది. చెల్లించిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే, గడువు రెండేళ్లు.

మిర్యాలగూడ_కాల్వకట్ట:
ప్రెషర్ టెస్టు గురించి ఒకటి మరిచిపోయిన. ముందు గాలితో చేసే డ్రై టెస్టు అడగండి. అది పాసైతేనే నీళ్ల టెస్టు. నీళ్ల టెస్టుల వాచీని నీళ్లకు పైన వేలాడదీసి 3 బార్ గాలి ఎక్కించి రెండు మూడు నిమిషాలు ఉంచి, తర్వాత నీళ్లల్లకు దించి ప్రెషర్ మెల్లగ తగ్గిస్తరు. బుడగలు వరసగ వస్తే లీకు. అట్ల కనబడంగనే, ప్రెషర్ పూర్తిగ పోకముందే వాచీని నీళ్లల్ల నుంచి పైకి లేపాలె. లేకుంటే గాలి బయటికి వచ్చిన దారిలనే నీళ్లు లోపలికి పోతయి.

పానగల్లు_ఆటోమేటిక్:
క్యాలెండర్ చూసి విప్పుడు నేను ఇప్పటికీ ఒప్పుకోను. యేడాదికోసారి కొలుచుడు మటుకు ఒప్పుకుంటున్న. కాని 24 గంటల తర్వాత 200 అన్న అంకె మీద బెంచి అన్న ఇంకొంచెం చెప్పాలె. 215 వస్తే ఏం చేయాలె?

బెంచి_పాలమూరు:
ఒక్క అంకె చూసి తేల్చొద్దు. పోయినేడు 235 ఉండి ఇప్పుడు 215 అయితే ఇయ్యాలె, పడుతున్నది కాబట్టి. మూడేళ్ల నుంచి 215 దగ్గరనే ఉంటే ఆ మూవ్‌మెంట్ తీరే అంత, ఇంకో యేడు ఆగొచ్చు. కొలిచిన రోజు తారీఖు, కీ ఇచ్చిన టైము, లిఫ్ట్ యాంగిల్, ఐదు తీర్ల అంకెలు కాగితం మీద రాసి వాచీ డబ్బాల పెట్టండి. రేపు అమ్మాలన్నా కొనేటోళ్లు ముందు ఆ కాగితమే అడుగుతరు.