కాలనీలో బీపీ చూస్తే అందరికీ ఎక్కువే వచ్చింది, ఎక్కడ తప్పు చేశాం?

రామగిరి అక్క (ప్రశ్న):
మాది నల్గొండ. మా వీధి ఆడవాళ్లం ఏడుగురం కలిసి నెలకో ఆదివారం ఏదైనా పని పెట్టుకుందాం అనుకున్నాం. ఒక నెల ఏదైనా నేర్చుకోవాలి, ఒక నెల బీపీ చూడాలి, ఒక నెల ఎటైనా పోయి రావాలి. మొదటి బీపీ రోజే పరువు పోయినంత పనైంది. గుడి మంటపంలో టేబుల్ వేసి 19 మందికి చూస్తే 13 మందికి 140 పైనే వచ్చింది. అంకెలు రాసుకునే పిల్ల గట్టిగా చదివింది. సాయంత్రానికల్లా "ఫలానా ఆమెకు 172 అంట" అని వీధంతా పాకింది. ఆమె రెండు రోజులు మాతో మాట్లాడలేదు. ఇంకొకాయన భయపడి పక్కింటాయన గోలీ అడిగి వేసుకున్నాడు. అది విన్నప్పటి నుంచి నాకు టెన్షన్. మిషన్ పాడైందా, మా పద్ధతే తప్పా? అట్లనే సగం పూటలో అయిపోయే ట్రిప్పు ఒకటి చెప్పండి. పెద్దవాళ్లు ఉన్నారు, గుట్టలు ఎక్కలేరు.

రిటైర్డ్ సిస్టర్:
మిషన్‌ను తర్వాత తిడదాం చెల్లె. మంటపానికి మెట్లున్నాయా? వచ్చినవాళ్లకు టీ ఇచ్చారా? పట్టీ చేతి మీద నేరుగా కట్టారా, బట్ట మీదనా?

రామగిరి అక్క:
మెట్లు పద్నాలుగు. టీ రాగానే ఇచ్చాం, మర్యాద కదా. పట్టీ జాకెట్ చేతి మీద, చొక్కా మీదనే కట్టాం.

రిటైర్డ్ సిస్టర్:
ఇంక మిషన్‌ది తప్పేముంది! మెట్లెక్కి వచ్చి, టీ తాగి, లైన్‌లో నిలబడి ముచ్చట్లు పెట్టినవాళ్లకు వెంటనే చూస్తే ఎక్కువ రాక ఏమొస్తుంది. నేను వార్డులో కొత్త పిల్లలకు నేర్పిందే నీకూ చెప్తున్నా. టీ, కాఫీ, బీడీ ఏదైనా సరే, అరగంట ముందు నుంచి వద్దు. ఒంటికి పోయొచ్చి, కుర్చీలో వీపు ఆనించి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కాలు మీద కాలు వేసుకోవద్దు, పాదాలు నేలకు ఆనాలి. చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో ఉండాలి. చెయ్యి కిందికి వేలాడితే అంకె పెరుగుతుంది. పట్టీ చర్మం మీదనే కట్టాలి, బట్ట మీద కాదు. లావు చేతికి చిన్న పట్టీ కట్టినా ఎక్కువే చూపిస్తుంది, అందుకే పెద్ద సైజుది ఒకటి కొని పెట్టుకోండి. మిషన్ నడుస్తున్నంత సేపూ ఇద్దరూ మాట్లాడొద్దు. ఇదే మనవాళ్లకు కష్టం! నిమిషం ఆగి రెండోసారి చూసి, రెండూ రాయండి.

ఒక్కరోజు 140 దాటితే బీపీ జబ్బు అని కాదు. వేరే రోజుల్లో చూసినా 140/90 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తుంటే డాక్టర్ దగ్గరికి పొమ్మనండి. 180/120 దాటి, గుండెల్లో నొప్పి, ఆయాసం, మాట తడబడడం, ఒక వైపు చెయ్యి కాలు పట్టు తప్పడం లాంటివి ఉంటే మాత్రం రెండోసారి చూసుకుంటూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చెయ్యండి. గోలీ వేసుకోమనడం, మానమనడం మన పని కాదు. పక్కింటి గోలీ వేసుకున్నాయనను మందలించి డాక్టర్ దగ్గరికి తీసుకుపో.

అంకె మాత్రం చిట్టీ మీద రాసి మడిచి ఆ మనిషి చేతిలో పెట్టు. పుస్తకంలో రాయకు, పైకి చదవకు.

రామగిరి అక్క:
షుగర్ మిషన్ కూడా కొందామని ఒకామె అంటోంది సిస్టర్.

రిటైర్డ్ సిస్టర్:
వద్దు. వేలికి గుచ్చే సూది మనిషికొకటి కొత్తది ఉండాలి, వాడినవాటిని గట్టి డబ్బాలో వేసి ఆసుపత్రికి ఇవ్వాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ ఉచితంగానే చూస్తారు. మీరు నలుగురిని వెంటబెట్టుకొని పొండి, అది కూడా సేవే.

మునుగోడు మాస్టారు:
నేర్చుకునే నెలలో నీళ్ల సంగతి పెట్టుకోండమ్మా. మన జిల్లాకు ఫ్లోరైడ్ కొత్త కాదు. వంకర కాళ్లు, పచ్చబడ్డ పళ్లు చూస్తూ పెరిగాం. కృష్ణా నీళ్ల నల్లా వచ్చాక కూడా మా వైపు కొందరు "బోరు నీళ్లే రుచి" అంటారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. కాచి చల్లారిస్తే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది నమ్మకం. పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. ఫిల్టర్ అమ్మేవాళ్లు చూపించే టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఒకే అంకెగా చూపేది) కూడా ఫ్లోరైడ్‌ను విడిగా చెప్పదు. బోరు నీళ్లను ప్లాస్టిక్ సీసాలో పట్టి (గాజుది వద్దు, అదే నీళ్లతో రెండుసార్లు తొలవండి) నీటి పరీక్ష ల్యాబ్‌కు ఇవ్వండి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి లోకమంతా 'నల్గొండ టెక్నిక్' అని పేరు. మన ఊరి పేరు దేనికి పాకిందో చూడండి, నవ్వాలో ఏడవాలో.

పానగల్లు తమ్ముడు:
ట్రిప్పు సంగతి నేను చెప్తా అక్కా. సాగర్ పోతే నాగార్జునకొండకు లాంచీ, ఎండ, తిండి కలిపి రోజంతా పడుతుంది, మొదటిసారికి వద్దు. మా పానగల్లు రండి, టౌన్‌కు ఆనుకునే ఉంది. ఛాయా సోమేశ్వర గుడిలో గర్భగుడి వెనక గోడ మీద ఒక నీడ పడుతుంది. ఎండ మారుతున్నా ఆ నీడ జరగదు. ఎదురుగా ఉన్న ఏదో ఒక స్తంభం నీడ కాదది, స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుగు చేసే పని. పిల్లలను తీసుకొచ్చి ఏ స్తంభం నీడో కనిపెట్టమనండి, గంటసేపు మీ జోలికి రారు. అక్కడి నుంచి పచ్చల సోమేశ్వర గుడి, పక్కనే మ్యూజియం. దాని సెలవు రోజు ముందే కనుక్కోండి. ఈ గుళ్లు ఒకప్పుడు మన వైపు ఏలిన కందూరు చోళుల కాలంవి. చివరగా ఉదయసముద్రం చెరువు కట్ట మీద సద్ది విప్పుకోండి. పొద్దున ఏడింటికి బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉంటారు.

రామగిరి అక్క (పదిహేను రోజుల తర్వాత):
172 ఆమె ఇంటికి నేనే పోయి తప్పయిందని చెప్పిన. కుర్చీ వేసి, ఐదు నిమిషాలు టీవీ కట్టేసి చూస్తే 148/88, రెండోసారి 144/86. సిస్టర్, ఇది మందులు వేసుకునేంత ఎక్కువా?

రిటైర్డ్ సిస్టర్:
అది డాక్టర్ చెప్పాలి. వారం రోజులు పొద్దున, సాయంత్రం రెండేసి సార్లు చూసి, ఆ కాగితం పట్టుకొని పొమ్మను. కాగితం చూస్తే ఏ డాక్టరైనా సంతోషిస్తాడు.

రామగిరి అక్క:
సరే సిస్టర్. పానగల్లుకు తొమ్మిది మంది అయ్యాం, ఆమె పేరే మొదటిది. తమ్ముడూ, రెండు ఆటోలు సరిపోతాయా?

పానగల్లు తమ్ముడు:
సద్ది డబ్బాలు కూడా ఉంటాయి కదా అక్కా, మూడు చెప్పండి.