క్యాలరీలు లెక్కపెట్టి తగ్గిన బరువు నిలవాలంటే జీవితాంతం లెక్కపెట్టాల్సిందేనా?

ప్రశ్న: హనుమకొండ_శ్రీ

అందరికీ నమస్కారం. నా వయసు 44 సంవత్సరాలు, ఎత్తు 158 సెంటీమీటర్లు. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. గత ఏడాది 81 కిలోల బరువున్నప్పుడు ఫోనులో ఒక యాప్ పెట్టుకొని, రోజుకు 1,500 క్యాలరీలు దాటకుండా తిన్నది తిన్నట్టు రాసుకుంటూ, సాయంత్రం పూట నడుస్తూ 69 కిలోలకు వచ్చాను. షుగరు, థైరాయిడ్ లేవని పరీక్షల్లో తేలింది.

అనుకున్న బరువుకు వచ్చాక, ఆ బరువు నిలవడానికి రోజుకు 1,980 క్యాలరీలు తినవచ్చని యాప్ చూపించింది. వేసవి సెలవుల నుంచి రోజూ రాయడం మానేసి, వారంలో రెండు మూడు రోజులు మాత్రమే రాస్తున్నాను. రాసిన రోజుల్లో లెక్క 1,980 లోపలే ఉంటోంది. అయినా ఈ ఐదు నెలల్లో బరువు 72 కిలోలకు పెరిగింది. మా ఇంట్లో ఐదుగురికీ కలిపి ఒకే వంట, వండేది మా అత్తయ్య. నా కూర వేరుగా వండించుకోవడం కుదరదు, నాకు ఇష్టమూ లేదు.

లెక్క ప్రకారమే తింటున్నా బరువు ఎందుకు పెరుగుతోంది, ఈ రాయడం ఎన్నాళ్లు కొనసాగించాలి అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు, విషయం తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: గుంటూరు_వాణి

శ్రీ గారూ, ఒకే గిన్నెలో వండుకునే ఇళ్లలో లెక్క తప్పేది చాలావరకు నూనె దగ్గరే. యాప్‌లో "వంకాయ కూర, ఒక కప్పు" అని వెతికితే ఎవరెవరో తమ ఇంటి కొలతలతో ఎక్కించిన పది రకాల అంకెలు వస్తాయి. వాటిలో మీ అత్తయ్యగారి చేతి కూర ఒక్కటీ ఉండదు. మీరు ఏ అంకె ఎంచుకున్నా అది వేరే ఇంటి కూరకు సంబంధించినదే.

కూరను కొలవడం మాని, నెలకు మీ ఇంట్లో ఖర్చయ్యే నూనెను కొలవండి. ఐదుగురికి నెలకు ఐదు లీటర్లు అవుతోందనుకుందాం. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి, మనిషికి రోజుకు 30 గ్రాములు పడుతున్నట్టు లెక్క. గ్రాము నూనెకు 9 క్యాలరీల చొప్పున అది దాదాపు 270 క్యాలరీలు. నెయ్యి, మామిడికాయ తొక్కు మీద తేలే నూనె, బయట తిన్న మిర్చి బజ్జీ ఇందులోకి రావు. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, 2,000 క్యాలరీల భోజనానికి నూనె, నెయ్యి అన్నీ కలిపి చూపిన పరిమాణం 27 గ్రాములు. మీ ఇంట్లో ఎంత అవుతోందో కిరాణా చీటీలు చూస్తే తెలిసిపోతుంది, వంటగదిలో ఎవరి వెనకా నిలబడనక్కర్లేదు.

పోపుకు వాడే గరిటెను ఒకసారి నీళ్లతో నింపి, కొలగ్లాసులో పోసి చూడండి. మా ఇంటి గరిటె 30 మిల్లీలీటర్లు పట్టింది. "ఒక గరిటెడు నూనె" అని మనం తేలిగ్గా అనేదానిలో 245 క్యాలరీలు ఉన్నాయన్నమాట.

అన్నం విషయంలో ఇంకొక చిక్కు ఉంది. వంద గ్రాముల బియ్యంలో 350 క్యాలరీల దాకా ఉంటాయి, అవే బియ్యం ఉడికి అన్నమయ్యేసరికి నీళ్లు పీల్చుకొని మూడింతలకు దగ్గరగా తూగుతాయి కాబట్టి వంద గ్రాముల అన్నంలో 120 నుంచి 130 మాత్రమే ఉంటాయి. పళ్లెంలోని అన్నాన్ని తూచి, యాప్‌లో బియ్యం అంకె ఎంచుకుంటే లెక్క ఒక వైపుకు పోతుంది. డబ్బాతో కొలిచిన బియ్యానికి అన్నం అంకె ఎంచుకుంటే రెండో వైపుకు పోతుంది. మీరు ఎటువైపు ఉన్నారో చూసుకోండి. అలాగే ఇడ్లీలు నాలుగని శ్రద్ధగా రాసి, పల్లీ పచ్చడిని వదిలేసేవారు చాలామంది ఉన్నారు. ముప్పై గ్రాముల పల్లీలంటే దాదాపు 160 క్యాలరీలు, అంటే మూడో వంతు ఫలహారం ఆ పచ్చడిలోనే ఉంది.

జవాబు: మాధవి_డైటీషియన్

వాణి గారు చెప్పినది తినే వైపు లెక్క. ఖర్చు వైపు లెక్కలో కూడా ఒక పొరపాటు కనిపిస్తోంది, అది మీది కాదు, యాప్‌ది. విశ్రాంతిలో శరీరం ఖర్చు చేసే శక్తిని అంచనా వేయడానికి ఎక్కువగా వాడే మిఫ్లిన్–సెంట్ జియోర్ సూత్రం ప్రకారం, 81 కిలోల బరువున్నప్పుడు మీకు సుమారు 1,415 క్యాలరీలు కావాలి. రోజువారీ పనులకు, కొద్దిపాటి నడకకు దాన్ని 1.4తో హెచ్చవేస్తే 1,980 వస్తుంది. అంటే యాప్ మీకిచ్చిన అంకె మీ పాత బరువుది. 69 కిలోలకు అదే లెక్క వేస్తే 1,815 మాత్రమే. తేడా రోజుకు 165 క్యాలరీలు.

ఇప్పుడు మీకు పెరిగిన మూడు కిలోలు చూడండి. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలు నిల్వ ఉంటాయి కాబట్టి మూడు కిలోలకు 23,100. ఐదు నెలల మీద పంచితే రోజుకు 154. శరీరం ఇంత కచ్చితంగా పద్దు రాసుకోదు, మూడు కిలోలూ కొవ్వే అనుకోవడానికీ లేదు. కానీ రోజుకు ఒకటింబావు పెద్ద చెంచాల నూనెపాటి తేడా మీ బరువు పెరగడానికి చాలునని ఈ లెక్క చెబుతోంది.

దీనికి తోడు, బరువు తగ్గిన శరీరం ఆ సూత్రం చెప్పినదానికంటే కూడా కొంత పొదుపుగా నడుస్తుంది, ఆకలి మాత్రం పెరుగుతుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో జరిగి 2011లో ప్రచురితమైన అధ్యయనంలో, బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఆకలిని నియంత్రించే లెప్టిన్, గ్రెలిన్ వంటి హార్మోన్లు పూర్వస్థితికి రాలేదు. మానేయగానే బరువు తిరిగి రావడానికి మనోబలం లేకపోవడమే కారణమని ఇంట్లోవాళ్లు అంటే, ఈ మాట వారికి చెప్పండి.

లెక్క రాసినవాళ్లందరి లెక్కా సరైనదని కూడా అనుకోకూడదు. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పిన పది మందిని న్యూయార్కులో పరీక్షించి 1992లో ప్రచురించిన పరిశోధనలో, వారు తాము తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా చెప్పినట్టు తేలింది. వారు అబద్ధమాడారని దాని అర్థం కాదు. చిన్నచిన్నవి గుర్తుండవు, వడ్డించుకున్నది కంటికి తక్కువగానే కనిపిస్తుంది. మీరు వారంలో రాయని నాలుగైదు రోజులు బహుశా ఇంట్లో చుట్టాలున్నవీ, బయట తిన్నవీ అయి ఉంటాయి.

నా సలహా ఇది. యాప్‌లో ప్రస్తుత బరువు సరిచేసి, రోజుకు 1,600తో మొదలుపెట్టి, నాలుగు వారాలు ఏ రోజూ వదలకుండా రాయండి. 1,200కు దిగకండి, అంత తక్కువలో మాంసకృత్తులు చాలక కండ కూడా తరుగుతుంది. పప్పు, పెరుగు, గుడ్లు పెంచి, వారానికి రెండుసార్లైనా బరువులతో వ్యాయామం చేయండి. మీ వయసులో నడక ఒక్కటే కండను కాపాడలేదు. తిరిగి 69కి వచ్చాక రాయడం ఆపవచ్చు, కానీ వారానికి రెండు రోజులు ఉదయం పరగడుపున బరువు చూసుకోవడం ఆపకూడదు. వారాల సగటు 71 దాటిన రోజున మళ్లీ నాలుగు వారాలు రాయండి.

ఇది చదివే ఇతరులకు ఒక మాట. షుగరుకు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతున్నవారు వైద్యుణ్ని అడగకుండా భోజనం ఒక్కసారిగా తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, గతంలో తిండికి సంబంధించిన మానసిక సమస్య ఉన్నవారు ఈ లెక్కల జోలికి సొంతంగా పోకూడదు.

జవాబు: ఎడిసన్_కిరణ్

మాధవి గారితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, 69కి వచ్చాక రాయడం ఆపవచ్చన్న మాటతో ఏకీభవించలేను. నేను న్యూజెర్సీలో ఉంటాను. కొన్నేళ్లుగా రోజూ రాస్తున్నాను, అదేమీ భారంగా లేదు. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం డబ్బాలో పట్టుకెళ్లే రెండు చపాతీలు, పప్పు దాదాపు మారవు కాబట్టి నిన్నటిదాన్నే ఈ రోజుకు తెచ్చుకుంటాను, రాత్రి భోజనం ఒక్కటే కొత్తగా రాస్తాను. అమెరికాలో 1994లో మొదలైన జాతీయ బరువు నియంత్రణ రిజిస్ట్రీలో, కనీసం 13.6 కిలోలు తగ్గి ఏడాదికి పైగా నిలుపుకున్నవారి అలవాట్లు నమోదు చేస్తున్నారు. వారిలో ఎక్కువమంది క్రమం తప్పకుండా బరువు చూసుకునేవారు, రోజుకు గంట దాకా వ్యాయామం చేసేవారు. అంటే తగ్గాక కూడా ఏదో ఒక పద్దు వదలనివారే.

జవాబు: మాధవి_డైటీషియన్

కిరణ్ గారూ, ఆ రిజిస్ట్రీలో చేరినవారు తమంతట తాము ముందుకొచ్చినవారు. ఆ అలవాట్లున్నా బరువు నిలవనివారు ఎందరో అందులో తెలియదు. అయినా మీరు చెప్పినదానిలో బరువు చూసుకోవడం గురించిన భాగం నా మాటకు దగ్గరగానే ఉంది. మీకు ఒకే రకం భోజనం, వండేది మీరే. ఐదుగురున్న ఇంట్లో రోజుకొక కూర వండే చోట రోజూ రాయడం ఎంతమంది కొనసాగించగలరో నా దగ్గరకు వచ్చేవారిని చూస్తే తెలుస్తుంది: అత్యధికులు విసిగి, రాయడంతో పాటు బరువు చూసుకోవడం కూడా మానేస్తారు. రెండోది పోకుండా ఉండటానికే మొదటిదాన్ని వదలమంటున్నాను.

హనుమకొండ_శ్రీ

అందరికీ కృతజ్ఞతలు. యాప్ సెట్టింగులు చూశాను, బరువు ఇంకా 81 అనే ఉంది. కిరాణా చీటీల ప్రకారం నూనె నెలకు ఆరు లీటర్లు అవుతోంది. ఇంకొక్క సందేహం. బతుకమ్మ తొమ్మిది రోజులూ, ఆపైన దసరా. సద్దుల నాడు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సత్తుపిండి అన్నీ ఇంటింటా పెడతారు, వద్దనడం బాగుండదు. ఆ రోజులు ఎలా రాయాలి? నూనె సంగతి అత్తయ్యకు ఎలా చెప్పాలన్నది అంతకంటే పెద్ద చిక్కు, ఆవిడ వంటకు వంక పెట్టినట్టు కాకూడదు.

జవాబు: మాధవి_డైటీషియన్

నాలుగు వారాల లెక్కను దసరా వెళ్లాక మొదలుపెట్టండి. యాభై గ్రాముల సత్తుపిండిలో 240 దాకా ఉంటాయని తెలిసి తినండి, చాలు. పండుగ మర్నాడు బరువు కిలోన్నర ఎక్కువ చూపిస్తే కంగారు పడకండి. ఉప్పు, పిండిపదార్థాలు ఎక్కువైనప్పుడు శరీరం నీటిని పట్టి ఉంచుతుంది. ఒక్క రోజులో కిలోన్నర కొవ్వు పెరగాలంటే అవసరానికి మించి పదకొండున్నర వేల క్యాలరీలు తినాలి. నాలుగు రోజులాగి బరువు చూసుకోండి.

జవాబు: గుంటూరు_వాణి

అత్తయ్యగారికి క్యాలరీలు, గ్రాములు చెప్పకండి. ఆరు లీటర్లను నాలుగున్నరకు తెస్తే మనిషికి రోజుకు 27 గ్రాములవుతాయి. ఆ లెక్కన ఐదుగురికి రోజుకు 150 మిల్లీలీటర్లు. ప్రతి ఉదయం అంత నూనె ఒక చిన్న సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టి, ముందు దీనిలోది వాడండి అత్తయ్యా అని ఒక్క మాట చెప్పండి. పెద్ద డబ్బాను పై అరలోకి మార్చండి. సీసాలోది చాలని రోజున ఆవిడే మిమ్మల్ని అడుగుతారు, ఆ రోజు ఎంత అదనంగా పోశారో మీకు తెలుస్తుంది.