సమస్య: «రాయి కరగి నీట రాయి యయ్యె»

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఇదే. రసాయనం తెలిసినవాళ్ళు విజృంభించండి. అహల్యను మాత్రం లాక్కురావద్దు.

గోస్తని:
వాన చినుకు మంటి వాయువుఁ గైకొని
పులిసి సున్న రాతి పొరను దొలువ
బొర్ర గుహలలోన బొట్టుబొట్టుగ రాలి
రాయి కరగి నీట రాయి యయ్యె

కందమూలం: ప్రాణమంతా ఆ «పులిసి»లో ఉంది. మట్టి సందుల్లో కార్బన్ డయాక్సైడు బయటి గాలిలో కన్నా ఎన్నో రెట్లు. అది కలిసి పులిసిన నీరే సున్నపురాతిని బైకార్బనేటుగా కరిగిస్తుంది. భేష్! మూడో పాదమే తేలిపోయింది. బొట్టు రాలితే చాలదు, గుహ గాలిలోకి ఆ వాయువు పోతేనే కాల్షియం కార్బనేటు మళ్ళీ పేరుకునేది. పైగా రాలాక కరిగిందా? «బొర్ర గుహలలోనఁ బోవంగ నా గాలి» అనండి.

గోస్తని: సవరణ శిరోధార్యం.

ప్రయోగశాల:
బోరు నీరు మరుగఁ బోయెను వాయువు
కాగులోన తెల్ల గార కట్టె
కొండ విడిచి వచ్చి కుండలోఁ గూర్చుండ
రాయి కరగి నీట రాయి యయ్యె

సున్నపుబట్టి: కాగు కాస్తా కుండ ఎప్పుడైందండీ? యతి కోసం గిన్నెలు మార్చడం తమకు అలవాటే. మరిగిస్తే పోయేది నీటి కాఠిన్యంలో (సబ్బును నురగనివ్వని గుణంలో) బైకార్బనేటు వల్ల వచ్చింది ఒక్కటే. సల్ఫేటు, క్లోరైడుల వల్ల వచ్చింది కదలదు. నా పూరణ:
బట్టి పెట్టి కాల్చ బయలేగె వాయువు
నీరు చల్ల నుడికి నీఱు రాలె
గోడ మీదఁ బూయఁ గార్బను తిరిగొచ్చి
రాయి కరగి నీట రాయి యయ్యె

ప్రయోగశాల: 900 డిగ్రీల బట్టీని ఒక్క పాదంలో ఇమిడ్చారు, ఒప్పుకుంటాను. కానీ గో–గా యతేమిటి? హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. తిరిగొచ్చేది ఉత్త కార్బను కూడా కాదు. «గోడ మీదఁ బూయఁ గూడ వాయువు మళ్ళి» అంటే రెండూ సర్దుకుంటాయి. «కరగి» మాత్రం అతకదు. తడిసిన సున్నం లీటరు నీటిలో రెండు గ్రాములైనా కరగదు. కాఠిన్యం పాఠం మాకెందుకు లెండి, పోయినసారి నల్గొండ పూరణలో ఫ్లోరైడును మరిగించి పోగొట్టింది తమరే! మరిగేకొద్దీ నీరు తగ్గి అది చిక్కబడుతుంది.

సున్నపుబట్టి: అందులో యతి తప్పలేదుగా.

కందమూలం: ఫ్లోరైడు పోవాలంటే కావలసింది సున్నం, పటిక. కలియదిప్పి, తేరనిచ్చి, వడకట్టాలి. పటిక మోతాదు ఫ్లోరైడును బట్టే కాదు, నీటి క్షారత్వాన్ని బట్టీ మారుతుంది. ఎక్కువైతే నీరు పులిసి, అల్యూమినియం అందులోనే మిగులుతుంది.

నిర్వాహకుడు: పటికకు వచ్చే వారం వేరే సమస్య ఇస్తాను. ఇక్కడ రాయి మీదే ఉండండి.