ఎక్స్‌పీలో ఉన్న ఫోల్డర్ విండోస్ 11లో తెరుచుకోవడం లేదు, దారి చెప్పండి

అందరికీ నమస్కారం. తెనాలిలో మాది చిన్న డీటీపీ షాపు. మూడు సిస్టమ్‌లు ఒకే స్విచ్‌కి కలిపి ఉన్నాయి: పాత విండోస్ ఎక్స్‌పీది ఒకటి, విండోస్ 7 ఒకటి, పోయిన నెల కొన్న విండోస్ 11. ఎక్స్‌పీని తీసెయ్యలేను. పదిహేనేళ్ల పెళ్లికార్డులన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో అందులోనే ఉన్నాయి. అవి యూనికోడ్ కావు, ఫాంటు లేనిచోట తెరిస్తే పెళ్లికూతురి పేరు బదులు పిచ్చి గుర్తులొస్తాయి.

7 నుంచి ఎక్స్‌పీ ఫోల్డర్ బాగానే తెరుచుకుంటోంది. 11 నుంచి పింగ్ చేస్తే (ఎక్స్‌పీ అందుతోందా అని పలకరిస్తే) జవాబొస్తోంది, ఫోల్డర్ నొక్కితే మాత్రం అర నిమిషం తిరిగి ‘నెట్‌వర్క్ పాత్ దొరకలేదు’ అంటోంది. కేబుల్ మార్చాను, వర్క్‌గ్రూప్ పేరు మూడింటికీ ఒకటే పెట్టాను, ఫైర్‌వాల్ కాసేపు ఆపి చూశాను.

నాకు తెలిసినంతలో ఎక్స్‌పీకి ఎస్ఎంబీ1 (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) తప్ప రాదు. 2017 చివరి నుంచి కొత్త విండోస్‌లో అది మామూలుగా ఉండదు, మనమే ఆన్ చేసుకోవాలి. కానీ అదే ఏడు మే నెలలో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై వైరస్ పాకింది ఎస్ఎంబీ1లోని లోపం పట్టుకునే కదా! కొత్తదాంట్లో జీఎస్టీ లెక్కలున్నాయి, చెయ్యి రావట్లేదు.

ఎక్స్‌పీకి ఇంటర్నెట్ పూర్తిగా తీసేసి, ఫైళ్లు 7లోకి కాపీ చేసి, అక్కణ్ణుంచి 11కి తీసుకుంటే సరిపోతుందా? 7లో పాస్‌వర్డ్ లేని షేర్‌ని 11 ఒప్పుకోవట్లేదు, దానికి విడిగా యూజర్ పెట్టాలా? లేక ఎక్స్‌పీలో చిన్న ఎఫ్‌టీపీ (ఫైళ్లు పంపుకునే మరో పద్ధతి) సర్వర్ పెట్టుకోవడం మేలా?

శ్రావణం ముహూర్తాలు దగ్గరకొచ్చాయి, కుర్రాడు రోజంతా పెన్‌డ్రైవ్ పట్టుకుని తిరుగుతున్నాడు. ఇలాంటిది చేసి చూసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.