అప్‌డేట్: భట్టిప్రోలులో పెట్టె దొరికింది

పిల్లలతో జియోక్యాచింగ్ (ఒకరు దాచిన డబ్బాను అక్షాంశ రేఖాంశాల సాయంతో వెతికే ఆట) ఆడటానికి గుంటూరు దగ్గర పాత ఊరేదైనా చెప్పమని పోయిన నెల అడిగాను కదా. భట్టిప్రోలు వెళ్లమన్నారు, అక్కడి బౌద్ధ స్తూపం ఆవరణలో మాత్రం ఏమీ దాచవద్దన్నారు. రెండూ పాటించాం.

ఆదివారం తెనాలిలో రేపల్లె రైలెక్కాం. మా తమ్ముడు ముందురోజే వెళ్లి, తెలిసినవాళ్లను అడిగి, వాళ్ల దొడ్లో గడ్డివామి వెనుక స్టీలు టిఫిను డబ్బా పెట్టి, అక్షాంశ రేఖాంశాలు పంపాడు. ఫోను మమ్మల్ని పేడదిబ్బ దాకా తీసుకెళ్లి వదిలేసింది. చివరకు గెలిచినవి పెద్దవాడి కళ్లే. మూత తీస్తే లోపల చీమల బారు! వేరుశనగ ఉండలు పెట్టాడు మహానుభావుడు. ఈ ఆటలో తినేవి పెట్టకూడదన్న నియమం ఎందుకో అందరికీ అర్థమైంది. చిన్నది చీమలు దులిపి, డబ్బా దొరికినవాళ్లు పేరు రాయడానికి అందులో పెట్టిన చిట్టి పుస్తకంలో పేరు రాసి, గోలీ తీసుకుని, బదులుగా తన రబ్బరు పెట్టింది.

అసలు మజా స్తూపం దగ్గర. చూడటానికి ఇటుకల దిబ్బే. కానీ 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రీ తవ్వినప్పుడు ఇక్కడే రాతి పేటికలు, లోపల ధాతువులు (పవిత్రంగా దాచిన అస్థికలు) ఉన్న స్ఫటిక భరిణె బయటపడ్డాయి. పేటికల మీద ప్రాచీన బ్రాహ్మీ లిపికి దగ్గరి లిపిలో రాతలు. ఇదంతా చెబితే చిన్నది అడిగింది: "అయితే రెండు వేల ఏళ్లు ఎవరికీ దొరకలేదా? చిట్టి పుస్తకంలో మొదటి పేరు ఆయనదేనా?"

నీడ తక్కువ, టోపీలు తప్పనిసరి. వచ్చే నెల ఉండవల్లి. డబ్బా ఈసారి నేనే పెడతాను.